పుత్తూరు బస్సు వదులుకున్న ఆ అమ్మకు

ఉద్యోగం పోయినందుకు వచ్చే భృతి డబ్బు ఖాతాలో పడింది. నిన్న సాయంత్రం బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే నమ్మకం కుదరక, తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఏటీఎంకు వెళ్లి చీటీ తీసి మరీ చూసుకున్నాను. 27 వేల పైచిలుకు. దీనితో మా కష్టాలు గట్టెక్కుతాయని కాదు. అద్దె బాకీ, పిల్లవాడి బడి ఫీజు కట్టేసరికి చేతిలో మిగిలేది చిల్లరే. కానీ చాలా రోజుల తర్వాత ఇంటి యజమాని ఎదురుపడితే తలెత్తి పలకరించాను. గత నెలలో దొరికిన రాత్రి డ్యూటీ దిగి వచ్చి రాస్తున్నాను కాబట్టి వరుస తప్పినా, చెప్పిందే చెప్పినా సర్దుకుని చదవండి. పడుకుని లేచాక రాద్దామనుకుంటే ఇక రాయనని నాకు తెలుసు.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లు స్టోర్సులో పని చేశాను. సంక్రాంతికి ముందు, ఆర్డర్లు తగ్గాయని చెప్పి మాలో కొందరిని ఒకేసారి ఇంటికి పంపించారు. నోటీసు లేదు, కాగితం లేదు. గేటు దగ్గర ఐడీ కార్డు వెనక్కి తీసుకున్నారు, అంతే. రాజీనామా రాసిస్తే అనుభవ పత్రం వెంటనే ఇస్తామన్నారు. రాయవద్దని మా ఆవిడ గట్టిగా చెప్పింది, రాయలేదు. ఆ నెలలన్నీ ఇల్లు నడిపింది తనే, మా నాన్న పింఛనే. బావమరిది అడగకుండానే బియ్యం మూట దింపి వెళ్లాడు. వీళ్లకు ఇక్కడ కృతజ్ఞతలు చెబితే నవ్వుతారు, పైగా తిడతారు. అందుకని అసలు చెప్పవలసిన మనిషి దగ్గరికి వస్తాను.

ఉద్యోగం పోయినవాడికి ప్రభుత్వం తరఫున డబ్బు వస్తుందంటే మా టీ కొట్టు దగ్గర నవ్వారు. నిరుద్యోగ భృతి మన దగ్గర ఎన్నికలప్పుడు వినిపించే మాట. 2018లో యువనేస్తం పేరుతో నెలకు వెయ్యి ఇచ్చింది కూడా చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రవాళ్లకు. నాబోటివాడికి, పని చేస్తూ చేస్తూ పోగొట్టుకున్నవాడికి, ఏముంటుంది? నాతోపాటు తీసేసిన కుర్రాడు ఒకడు ఫోనులో ఏదో చూసి, ఈఎస్ఐలో, అంటే కార్మికుల ప్రభుత్వ బీమాలో, అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుందన్నా, వెళ్లి అడగమన్నాడు. పేరే నోరు తిరగలేదు. సరే, పోయేదేముందని జిరాక్సులు పట్టుకుని ఈఎస్ఐ ఆఫీసుకు బయలుదేరాను.

అక్కడ కారిడార్‌లో బెంచీ మీద నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. పక్కన వైరు బుట్ట, అందులో ప్లాస్టిక్ ఫైలు. కళ్లజోడు పోకుండా దారం కట్టి మెడలో వేసుకున్నారు. నేను కౌంటర్ దగ్గరికి వెళ్లడం, ఆన్‌లైన్‌లో పెట్టుకుని రండి అనడం, పెట్టబోతే ఓటీపీ రాకపోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం, ఇవన్నీ ఆవిడ చూస్తూనే ఉన్నట్టున్నారు. నేను ఇక లేచి వెళ్లిపోదామని కాగితాలు మడుస్తుంటే, "నాయనా, ఒకసారి ఇటివ్వు" అని చెయ్యి చాపారు.

కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క కాగితమూ చదివారు. ఇన్నాళ్లలో నా కాగితాలను చివరిదాకా చదివిన మొదటి మనిషి ఆవిడే. పాస్‌బుక్ జిరాక్సు దగ్గర ఆగి, పిన్ను సరిగ్గా ఐఎఫ్‌ఎస్‌సీ కోడు మీద పడిందని చూపించారు. గోటితో ఆ పిన్ను పీకి, బుట్టలోంచి చిన్న స్టేప్లర్ తీసి, పై మూలన మళ్లీ కొట్టారు. ఆ బుట్టలో గమ్ము సీసా, స్టాంపు ప్యాడు, తెల్ల కాగితాలు, రెండు పెన్నులు, అన్నీ ఉన్నాయి. తర్వాత ఆధార్‌ను, ఈఎస్ఐ కార్డును పక్కపక్కన పెట్టి, "ఇక్కడ ఇంటిపేరు పూర్తిగా ఉంది, అక్కడ ఒక్క అక్షరమే ఉంది. ముందు ఇది సరిచేయించుకో, లేకపోతే డబ్బు దగ్గర ఆగిపోతుంది" అన్నారు. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు రాయాలో వెనుక రాయాలో ఏ కంప్యూటర్‌కూ ఇంతవరకు తెలియలేదు కదా!

ఓటీపీ ఎందుకు రావడం లేదో కూడా ఆవిడే పట్టుకున్నారు. కంపెనీ నన్ను చేర్చుకున్నప్పుడు ఈఎస్ఐ లెక్కలు చూసే కన్సల్టెంటు తన ఫోను నంబరే నా పేరు కింద వేసుకున్నాడు. ఆరేళ్లుగా నా బీమాకు సంబంధించిన కబుర్లన్నీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి జేబులోకి వెళుతున్నాయి. నంబరు మార్చమని అర్జీ ఎలా రాయాలో ఆవిడ ఒక్కో వాక్యం చెబుతుంటే నేను రాశాను. మధ్యలో నా చెయ్యి వణికి అక్షరం కొట్టివేస్తే, ఇంకో తెల్ల కాగితం ఇచ్చి "కొట్టివేతలు లేకుండా రాయి, నిదానంగా" అన్నారు.

వివరమంతా ఆవిడ చెప్పిందే. ఈ పథకం 2018 జులైలో మొదలైందట. మొదట్లో సగటు రోజు సంపాదనలో పావు వంతు ఇచ్చేవారు, అదీ పని పోయిన 90 రోజుల తర్వాత. కరోనా వచ్చాక 2020లో దాన్ని సగానికి పెంచి, 30 రోజులు దాటితే అడగవచ్చన్నారు. కంపెనీ ద్వారా పంపాలనే నిబంధన తీసేసి, మనమే నేరుగా ఇచ్చుకునేలా చేశారు. జీవితం మొత్తంలో 90 రోజులకే ఇస్తారు. కనీసం రెండేళ్లు బీమాలో ఉండాలి, పని పోవడానికి ముందు ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉండాలి. ఏబీ-1 అనే ఫారం నింపాలి. బయట టైపు చేసేచోట 20 రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్ తప్పనిసరి అని నా దగ్గర డబ్బు గుంజబోయారు. ఆ షరతును 2020 నవంబరులోనే ఎత్తేశారని ఆవిడ చెబితే వెనక్కి వెళ్లి వద్దన్నాను.

ఇంకో మాట కూడా అన్నారు. మా అమ్మకు షుగరు, బీపీ. ఉద్యోగంతోపాటు ఈఎస్ఐ మందులూ పోయాయని బయట కొంటున్నాము. "ఎవరు చెప్పారు పోయాయని? ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టిన చందాకు జనవరి నుంచి జూన్ దాకా వైద్యం ఉంటుంది. కార్డు తీసుకుని వెళ్లు" అన్నారు. ఆ ఒక్క మాటతో మాకు మిగిలింది ఎంతో లెక్క వేయలేదు, తక్కువైతే కాదు.

కౌంటర్‌లో మళ్లీ నా పేరు పిలిచారు. పని ఎందుకు మానేశారని అడిగితే నాకు నోరు పెగలలేదు. వెనుక వరసలో జనం ఉన్నారు. మెల్లగా "బయటికి వచ్చేశానండీ" అన్నాను. ఆవిడ బెంచీ మీది నుంచే, వినపడేటట్టు, "రాలేదు, తీసేశారు" అన్నారు. తిరిగి వచ్చాక నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "తీసేసినవాళ్లకు లేని సిగ్గు నీకెందుకు నాయనా? ఇది ఎవరో వేసే బిచ్చం కాదు. నీ జీతంలో కోసుకున్నదే" అన్నారు.

నిజమే. నా జీతం 18,400, రెండేళ్లుగా పెంచింది లేదు. అందులో నెలనెలా 138 రూపాయలు, అంటే ముప్పావు శాతం, ఈఎస్ఐ కింద కోసేవారు. కంపెనీ తన వంతు మూడుంపావు శాతం కట్టేది. అది ఆస్పత్రి కోసమేనని అందరమూ అనుకునేవాళ్లం.

ఇంత ఎలా తెలుసమ్మా అని అడిగాను. ఆవిడ భర్త చాలా ఏళ్ల కిందట పనిచేసే చోటే ప్రమాదంలో పోయారట. ఆశ్రితులకు ఇచ్చే నెలసరి పింఛను కోసం, ఆయన అసలు తమ మనిషే కాదన్న యాజమాన్యంతో పోరాడి సాధించుకున్నారు. జీవించి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వడానికి ఆ రోజు వచ్చారు. ఆ పని నేను వచ్చేసరికే అయిపోయింది. "అప్పుడు ఇదే బెంచీ మీద చంటిబిడ్డతో కూర్చుంటే ఒక్కరూ ఏమీ చెప్పలేదు. అందుకని చెబుతున్నా" అన్నారు. అంతవరకు బిగపట్టుకున్నది అక్కడ తెగింది. నలభై ఏళ్లవాణ్ని, ఆఫీసు కారిడార్‌లో జనం మధ్య ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. కొంగు సర్దుకుని, ఫైలులో కాగితాలు వరసగా పెడుతూ ఉండిపోయారు. పుత్తూరు కట్టు కట్టేవాళ్లు నొప్పి గురించి మాట్లాడకుండా ఎముక సరిచేసినట్టు ఉండింది ఆ తీరు.

తిరుపతి నుంచి పుత్తూరుకు బస్సులకు కొదవ లేదు. కానీ పుత్తూరు నుంచి ఆవిడ ఊరికి వెళ్లే సాయంత్రం బస్సు ఒక్కటే, నా అర్జీ మీద ముద్ర పడేదాకా కూర్చోవడం వల్ల అది తప్పిపోయింది. ఆటోకు డబ్బు ఇవ్వబోతే "పని లేనివాడి దగ్గర తీసుకుంటానా" అని కసిరారు. పేరు చెప్పారు, రాయవద్దనీ చెప్పారు. రాయను. ఆవిడ ఫోనులో ఇవన్నీ చదివే మనిషి కాదు. పుత్తూరు వైపు వైరు బుట్టలో స్టేప్లర్ పెట్టుకుని తిరిగే పెద్దావిడ మీకు తెలిసి ఉంటే, డబ్బు వచ్చిందని మాత్రం చెప్పండి. ఎక్కడా ఆగలేదని చెప్పండి.

ఆగలేదనడం కూడా పూర్తి నిజం కాదు. కృతజ్ఞతల మధ్యలో ఈ గోల ఎందుకంటారేమో, అయినా చెప్పకుండా ఉండలేను. కంపెనీ నెలవారీ లెక్కలో నా పేరు ఎదురుగా ఉద్యోగం వదిలి వెళ్లినట్టు నమోదు చేసింది. తొలగించారు అనడానికి అక్కడ వేరే గడి ఉంది. ఆ గడి ఎంచుకోవడానికి వాళ్లకు పోయేదేమిటి? పోయేది ఉంది. చట్టప్రకారం తొలగిస్తే నెల నోటీసు, చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి. 2005 నుంచి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అని ఇంకో పథకం కూడా ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం సిబ్బందిని తగ్గించినా దాని కింద ఇంతకంటే ఎక్కువ కాలం భృతి వస్తుంది. కానీ తీసేశామని ఒప్పుకునే కాగితం ఇవ్వాల్సింది తీసేసినవాళ్లే. దొంగతనం జరిగిందని దొంగే సంతకం పెట్టి రాసివ్వాలన్నమాట!

ఆ నమోదు సరిచేయమని కంపెనీకి ఫోను చేస్తే రేపు చూస్తామనేవారు. "ఫోను చేయకు, అర్జీ రాసి పోస్టులో పంపు, రసీదు దాచుకో, ఒక ప్రతి ఈ ఆఫీసులో ఇవ్వు" అని ఆవిడ చెప్పినట్టే చేశాక కదలిక వచ్చింది. ఉద్యోగం పోయినరోజే ఈ పథకం సంగతి చెప్పే బాధ్యత ఎవరికైనా ఉండవద్దా? మందుల చీటీ మీద, పే స్లిప్పు మీద ఒక్క వాక్యం అచ్చువేస్తే సరిపోతుంది. నాతోపాటు వచ్చేసినవాళ్లలో రాజీనామా రాసిచ్చినవాళ్లు ఇప్పుడు అడగడానికి కూడా లేదు. ముప్పై రోజులు ఆగాక అడగాలి, అడిగాక ఇన్ని నెలలు ఆగాలి. అద్దె ఆగుతుందా?

సరే, ఇక ఆపుతాను. మరిచిపోకముందు మిగతావాళ్లు. ముందుగా ఈ పథకం గురించి చెప్పిన ఆ కుర్రాడు, పాత పే స్లిప్పులు వాట్సాప్‌లో పంపింది కూడా వాడే. వాడి దరఖాస్తు ఇంకా తేలలేదు, నేనూ వెంట తిరుగుతున్నాను. ఆధార్‌కు నా నంబరు కలిపించిన మా వార్డు సచివాలయం అమ్మాయి. చిల్లర లేదంటే తర్వాత ఇవ్వన్నా అన్న జిరాక్సు షాపు అబ్బాయి, ఇచ్చేశాను తమ్ముడూ, మీ నాన్నగారి చేతికి. కౌంటర్‌లోని ఉద్యోగిని కూడా అనవసరంగా ఏమీ అనను, ముద్ర వేసేటప్పుడు "ఈసారి సరిగ్గా ఉంది" అని నవ్వారు. వాచ్‌మన్ గారు ఫోను ఛార్జింగ్ పెట్టుకోనిచ్చారు. బ్యాంకులో ఇంటిపేరు సరిచేసిన మేడమ్‌కు ఒకటికి రెండుసార్లు నమస్కారాలు.

అయ్యో, మా తోడల్లుడు. ఎన్నిసార్లు బండి మీద దింపాడో, పెట్రోలుకు రూపాయి తీసుకోలేదు. అతని పేరెక్కడ అని మా ఆవిడ వెనుక నిలబడి అడుగుతోంది. రాశాను, చదువుకో.