పోర్టు ఉంది, కార్డు లేదు

ఒరేయ్ మావా,

ఉత్తరం చాలా ఆలస్యమైంది. తిట్టుకో, నాకెలాగూ వినపడదు. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, చిన్నదానికి ముందుపళ్ళు ఊడుతున్నాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఏడుస్తోంది. క్షేమ సమాచారాలు సమాప్తం. అసలు సంగతి చెప్పకపోతే కడుపుబ్బి పోయేలా ఉన్నాను.

నా లాప్‌టాప్‌లో లాన్ కార్డు, అదే కేబుల్‌తో వచ్చే నెట్ (ఈథర్‌నెట్) అందుకునే చిప్పు, మాయమైంది. పనిచేయకపోవడం కాదు, మాయం! కేబుల్ పెట్టే పోర్టు పక్కన నిక్షేపంలా ఉంది, లోపల మాత్రం దాని ఊసే లేదు. వైఫై భేషుగ్గా నడుస్తోంది. నెట్‌వర్క్ కనెక్షన్లు తెరిస్తే ఈథర్‌నెట్ బొమ్మే కనపడదు. కేబుల్ పోతే బొమ్మ ఉండి, దానిమీద ఎర్ర ఇంటూ గుర్తు పడాలి కదా? అయినా "ముందు ప్లగ్గు చూడు, ఆ తర్వాతే దేవుణ్ణి చూడు" అన్న నీ సూత్రం కాదనలేక కేబుల్ మార్చాను, రౌటర్‌లో వేరే పోర్టుకీ పెట్టాను. లైటు కూడా వెలగలేదు. (నవ్వకు. ఆ సూత్రం పుట్టిన రాత్రి ఫ్యాను సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు.)

విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో వెతికితే వైఫై, బ్లూటూత్, ఏవేవో మినీపోర్టులు. 'వ్యూ'లోకి వెళ్ళి దాచిన పరికరాలు చూపించమంటే అప్పుడు కనపడింది మహానుభావుడు, వెలిసిపోయి, మసగ్గా. ప్రాపర్టీస్‌లో కోడ్ 45. అంటే ఈ పరికరం ప్రస్తుతం కంప్యూటరుకు తగిలించి లేదట! బోర్డుకి అతికించిన చిప్పు తగిలించి లేకపోవడం ఏమిట్రా?

ఎవర్నడిగినా ఒకటే మంత్రం: డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) మళ్ళీ వెయ్యి. నాకదే ఒళ్ళుమంట. డ్రైవర్ మాత్రమే పోతే పరికరం కనిపిస్తుంది, 'ఈథర్‌నెట్ కంట్రోలర్' అని పసుపు గుర్తుతో, కోడ్ 28తో. ఇక్కడ చిప్పే పలకడం లేదు. ఇన్‌స్టాలర్ కూడా హార్డ్‌వేర్ దొరకలేదని చేతులెత్తేసింది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల్లో, ఆన్‌బోర్డ్ లాన్ ఎవరైనా ఆపేశారేమో చూశాను. ఎనేబుల్డ్ అనే ఉంది. మా ఆఫీసులో ఒకాయన విండోస్ ఫార్మాట్ కొట్టేయమన్నాడు. మన 'స్వామి' గుర్తొచ్చాడు, అచ్చం అదే గొంతు, అదే ధీమా!

స్వామి మాట వినకుండా పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ (విండోస్‌తో పనిలేని వేరే ఆపరేటింగ్ సిస్టమ్) బూట్ చేసి, బోర్డు మీది పరికరాలను నంబర్లతో సహా చూపే ఎల్ఎస్‌పీసీఐ -nn కమాండ్ కొట్టాను. లిస్టు నిండా 8086, 8086. అది చిప్పు తయారీదారు ఇంటెల్ అని చెప్పే వెండర్ నంబరు, 1978లో వాళ్ళు తెచ్చిన ప్రాసెసర్ పేరే. ఈ ముచ్చట నీకు నచ్చుతుందని రాస్తున్నా. లాన్ చిప్పు వరస మాత్రం లేదు. అంటే విండోస్ నిర్దోషి, డ్రైవర్ నిర్దోషి. ఫార్మాట్ కొట్టి ఉంటే... పోనీలే.

అప్పుడు మాత్రం దిగులేసిందిరా. చిప్పు కాలిపోయిందనే అనుకున్నా. మదర్‌బోర్డు మార్చడమంటే మాటలా. యూఎస్‌బీ లాన్ అడాప్టర్ కొనేద్దామనుకుంటూనే ఆఖరుసారి ఒకటి చేశాను. చార్జర్ పీకి, వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టాను. అన్నీ తిరిగి తగిలించి ఆన్ చేస్తే పోర్టు దగ్గర లైటు టపటపా కొట్టుకుంటోంది! ఇంట్లో వాళ్ళు ఉలిక్కిపడేలా అరిచానట.

ఎందుకంటావా? లాప్‌టాప్ షట్‌డౌన్ చేసినా ఈ చిప్పుకి సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది, నెట్‌వర్క్ మీద నుంచి మెషీన్‌ని లేపే సదుపాయం కోసం. దానికితోడు విండోస్ 8 నుంచీ, అంటే 2012 నుంచీ, మెషీన్ త్వరగా ఆన్ అయ్యేందుకు పెట్టిన ఫాస్ట్ స్టార్టప్ ఒకటి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ సగం నిద్రే, రీస్టార్టే నయం. కానీ చిప్పే బిగుసుకుపోతే రీస్టార్టుకీ లొంగదు, చుక్క కరెంటు లేకుండా చేస్తేగానీ తేరుకోదు. నాది ఇదే రోగమని నా అనుమానం. ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను. కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ ఆదా కోసం దీన్ని ఆపెయ్యొచ్చు అన్న టిక్కు కూడా తీసేశాను. మళ్ళీ మాయమవదన్న నమ్మకమైతే లేదు, కాకపోతే ఈసారి స్క్రూడ్రైవర్ చేతికందేలా పెట్టుకున్నా.

అవునూ, నీ బదిలీ ఏమైంది? ఆ పెద్దమనిషి సంతకం పెట్టాడా, లేక ఇంకా... అయ్యో, కింద హారన్ కొడుతున్నారు, నాకోసమే. మిగతాది తర్వాత రాస్తా. ఉంటా.

నీ
మావ