ఫిబ్రవరి వార్తాలేఖ: ఆ మల్లెపొద చచ్చిపోలేదు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం పరీక్షల తేదీలతో మొదలుపెడదామనుకున్నాను. కానీ మూడు నాలుగు వారాలుగా గేటు దగ్గర, ఆటోల దగ్గర, మీ వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న మాట ఒకటే కాబట్టి ముందు దాని సంగతే రాస్తాను. అవును, ఏడో తరగతి చదువుతున్న మన అమ్మాయి ఒకరు వాళ్ల పెరట్లో పదిహేనేళ్ల మల్లెపొదను మోకాలెత్తుకు కత్తిరించింది. అవును, బడిలో చెప్పబట్టే కత్తిరించింది. ఆ పొద చచ్చిపోయిందన్నది మాత్రం నిజం కాదు.

మోడు ఫొటో గ్రూపులోకి వచ్చిన ఆదివారం నుంచి మీరు రాసినవన్నీ చదివాను. "పచ్చటి చెట్టును నరకడం నేర్పుతారా" అన్నవారున్నారు. "ఫీజు కడుతున్నది మట్టి పిసకడానికా" అన్నవారున్నారు. ఒక నాన్నగారు రాత్రి పదకొండుంపావుకు ఏడుపు ముఖాల బొమ్మలు వరసగా పన్నెండు పంపారు. ఆ టైముకు ఆయన మేలుకుని ఉన్నారంటే పక్కన అబ్బాయి కూడా మేలుకునే ఉండి ఉంటాడు. మొదటి పీరియడ్‌లో వాడెందుకు తూగుతున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

సంక్రాంతి సెలవులు అవగానే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు "పెరటి పని" అని ఒక ప్రాజెక్టు ఇచ్చాం. పెరడుంటే పెరట్లో ఒక మూల, లేకపోతే డాబా మీద, అదీ లేకపోతే బాల్కనీలో రెండు కుండీలు. ఎండినవి తీసేయాలి, కత్తిరించాల్సినవి కత్తిరించాలి, మట్టి గుల్ల చేసి ఎరువు కలపాలి, వేసవి కూరగాయల విత్తనాలు పెట్టాలి. ఏ రోజు ఏం చేశారో నోటుబుక్కులో రాయాలి. ఇప్పుడే ఎందుకంటే, శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ తర్వాత మన వైపు ఎండ లేత మొక్కను బతకనివ్వదు. చలి తగ్గీ తగ్గని ఈ నాలుగైదు వారాల్లో వేరూనుకున్నదే మే నెలకు నిలబడుతుంది.

ఇక మల్లె సంగతి. మల్లె ముదురు కొమ్మకు పూయదు, కొత్త చిగురుకు పూస్తుంది. అందుకే మల్లెతోటల రైతులు ఏటా చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు మోకాలెత్తుకు కత్తిరించి, పాదు తవ్వి పశువుల ఎరువేసి, అప్పుడు తడి పెడతారు. వేసవి సాయంత్రం మీరు మూరకు ఐదు తగ్గించమని బేరమాడి కొనే పూలు అలా కత్తెర పడిన పొదలవే. ఏళ్ల తరబడి కత్తిరించకుండా వదిలేసిన పొద గోడెత్తు పెరిగి నీడనిస్తుంది గానీ, పూసేది పైన గుప్పెడు.

ఫొటో పెట్టింది ఆ అమ్మాయి బాబాయిగారు. ఆ పొద నాటిన నాయనమ్మగారు గ్రూపులో లేరు. మర్నాడు కాక ఆ మర్నాడు ఆవిడ స్వయంగా బడికి వచ్చారు. నేను లోపల టెన్షన్ పడుతూనే కుర్చీ వేయించాను. ఆవిడ మంచినీళ్లు తాగి, "కొట్టించారు సరే. ముందు నీళ్లు మాన్పించి ఆకు దూయించకుండా కత్తెర పెట్టించడమేంటమ్మా? అయినా అది సంక్రాంతి లోపల అయిపోవాల్సిన పని కదా" అన్నారు. ముప్పై ఏళ్లు బయాలజీ చెప్పిన నాకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు. మేం పిల్లలకిచ్చిన కాగితంలో నీళ్లు ఆపే మాట లేదు, ఆకు దూసే మాట లేదు. ఆ తప్పు నాది. కత్తిరించండర్రా అని ఇంట్లో చెప్పీ చెప్పీ విసిగి ఊరుకున్నానని, ఇన్నేళ్లకు మనవరాలు విన్నదని కూడా ఆవిడే చెప్పారు. వచ్చే ఏడాది ఆ కాగితం ఆవిడకు చూపించాకే జిరాక్సుకు వెళ్తుంది.

మొన్న ఆ అమ్మాయి నోటుబుక్కు తెప్పించుకున్నాను. చివరి పేజీలో ఇలా ఉంది: "ఇవాళ చిగుళ్లు 34. మొగ్గ ఇంకా లేదు. బాబాయి రోజూ వచ్చి చూసి వెళ్తున్నాడు." ఉగాది దాకా ఆగండి అని నేనూ బాబాయిగారికి చెప్పాను. ఆయనింకా నమ్మలేదు.

పేర్లు రాయొద్దని పిల్లలే అడిగారు కాబట్టి రాయడం లేదు, కానీ మిగతావాళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు మూడో అంతస్తులో అద్దెకుంటాడు, గుప్పెడు మట్టి కూడా లేదు. రెండు ఖాళీ పెయింటు డబ్బాలకు అడుగున కన్నాలు పొడిచి, మట్టి, ఇసుక, మాగిన ఎరువు సమానంగా కలిపి నింపాడు. బెండ గింజలు పన్నెండు రాత్రంతా నానబెట్టి పెట్టాడు, తొమ్మిది మొలిచాయి. మొలవని మూడింటినీ తవ్వి తీసి ఎందుకు మొలవలేదో చూశాడు! ఒకటి పుచ్చు, రెండు మరీ లోతుకు వెళ్లాయట. నేను కాలేజీలో ఉన్నప్పుడు కూడా అలా తవ్వి చూడాలని నాకు తోచలేదు. ఆరో తరగతిలో ఇంకొకడు, రథసప్తమికి చిక్కుడుకాయల రథం అయిపోయాక, పేనుబంక పట్టి ఎండిపోతున్న ఆ పాదును తీయడానికి కూర్చున్నాడు. వాళ్ల నాన్నగారు వేళ్లతో సహా పీకెయ్యమంటే వీడు వద్దన్నాడట. మొదలు దగ్గర కోసి వేళ్లు భూమిలోనే వదిలేశాడు. ఒక్క వేరు మాత్రం తీసి, దాని మీది చిన్న చిన్న బుడిపెలు చూపించి, గాలిలోని నత్రజనిని పట్టేది ఇందులో ఉండే బాక్టీరియా నాన్నా అని చెప్పాడట. ఆ నాన్నగారే ఫోన్ చేసి నాకీ సంగతి చెప్పారు. మందారానికి పట్టిన పిండినల్లిని పాత టూత్‌బ్రష్షుతో కొమ్మ కొమ్మా కడిగి, లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి చల్లిన అమ్మాయి కూడా ఉంది. ఆ బ్రష్షు ఎవరిదన్నది వాళ్లింట్లో ఇంకా తేలలేదు.

ఇవి చెప్పాక రెండో రకం నోటుబుక్కుల గురించి కూడా చెప్పాలి కదా. ఆరో తరగతి పిల్లవాడు "సస్యరక్షణ చర్యలు చేపట్టడమైనది" అని రాయడు. అంత గుండ్రటి దస్తూరీ కూడా వాడిది కాదు. అమ్మలూ, మీ ప్రేమ నాకు తెలుసు, మీ దస్తూరీ కూడా తెలుసు. అలాగే కడియపులంక నర్సరీలు మనకు దగ్గరే కదా అని, ఆదివారం కార్లో వెళ్లి విరగబూసిన గులాబీ తెచ్చి, నల్ల కవరు కూడా విప్పకుండా పిల్లాణ్ణి పక్కన నిలబెట్టి ఫొటో తీసి పంపినవారు పదకొండుమంది. గులాబీ చాలా బాగుంది. మార్కులు నర్సరీ వాళ్లకు వేశాను. మీ పిల్లవాడు పెట్టిన గింజ మొలవకపోతే మొలవలేదనే రాయనివ్వండి, దానికీ మార్కులుంటాయి.

ఇప్పుడు నేను ఎప్పుడూ చెప్పే మాట. విసుగొచ్చినా ఇంకోసారి వినండి. ఆకులు తగలబెట్టకండి. మన బడి బాదంచెట్టు ఈ రోజుల్లోనే ఎర్రగా మారి ఆకంతా రాలుస్తుంది, వీధిలో రావిచెట్లూ వేపచెట్లూ అంతే. ఊరంతా పొద్దున్నే వాకిలి ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీస్తుంది. భోగిమంట ఏడాదికి ఒక్క రోజండీ, మనం మాత్రం దాన్ని భోగి నుంచి ఉగాది దాకా సాగదీస్తున్నాం. ప్రార్థనకు నిలబడిన పిల్లలు ఆ పొగలో దగ్గుతుంటారు. ఇన్‌హేలరు జేబులో పెట్టుకుని వచ్చే పిల్లలు మన బడిలో ఉన్నారు, వాళ్ల అమ్మానాన్నలను అడగండి ఫిబ్రవరి ఎలా గడుస్తుందో. చెట్టు వేళ్లతో లోతు నుంచి లాగి తెచ్చుకున్న సారమంతా ఆ ఆకులో ఉంటుంది. బూడిదలో పొటాష్ మిగులుతుందిగా అని ఒకరన్నారు. మిగులుతుంది, నిజమే. నత్రజని మాత్రం పొగతో పోతుంది, మట్టిని గుల్లగా ఉంచే పదార్థమూ పోతుంది. అలా తగలబెట్టిన చేత్తోనే నర్సరీకి వెళ్లి ఎరువు సంచీ, కొబ్బరిపొట్టు ఇటుక కొనుక్కొస్తాం! రోడ్డు మీద, బహిరంగ స్థలాల్లో చెత్త కాల్చకూడదని ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా చెబుతున్నాయి. అయినా నిబంధన కోసం కాదు, పిల్లల ఊపిరి కోసం అడుగుతున్నాను.

చేయాల్సింది కష్టమేమీ కాదు. పాత డ్రమ్ముకో పగిలిన నీళ్ల తొట్టికో అడుగునా పక్కలా కన్నాలు పెట్టండి. మూడు వంతులు ఎండాకు, ఒక వంతు కూరగాయల తొక్కలు పొరలుగా వేసి, పేడనీళ్లో పుల్లమజ్జిగో చల్లండి. గుప్పిట్లోకి తీసుకుని పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. పదిహేను రోజులకోసారి తిరగేస్తే మూడు నెలలకు నల్లటి ఎరువు. బాదమాకు మందం కాబట్టి చింపి ఒక రాత్రి నానబెట్టాలి. మా ఆరో తరగతి వాళ్లు దాన్ని కాళ్లతో తొక్కుతారు, ఆ పీరియడ్‌కు ఇప్పటిదాకా ఒక్కరూ ఆబ్సెంట్ లేరు. ఇంత ఓపిక లేనివారు ఎండాకు మొక్క చుట్టూ రెండంగుళాలు పరిచినా చాలు, తేమ ఆరిపోదు. మొదలుకు మాత్రం ఆనించకండి, కుళ్లుతుంది.

చాలామంది అడిగారు కాబట్టి: ఇప్పుడు బెండ, ఆనప, బీర, దోస, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర పెట్టుకోవచ్చు. పాలకూర, కొత్తిమీర ఎండ ముదిరితే నిలవవు, నీడ ఉంటేనే. కరివేపాకు కొమ్మల చివరలు తుంచండి, గుబురుగా చిగురిస్తుంది. మామిడి జోలికి వెళ్లకండి, పూత మీద ఉంది. మల్లె చూసి హుషారొచ్చి మామిడికి నిచ్చెన వేసిన ఎనిమిదో తరగతి వీరుడొకడు ఉన్నాడు. వాణ్ణి సోషల్ సారు దింపారు.

మట్టిలో చేతులు పెడితే నులిపురుగులొస్తాయని భయపడిన అమ్మగారికి: ఆ భయం తప్పు కాదు. అందుకే చెప్పులు లేకుండా తోటలోకి పంపం, పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగిస్తాం, గోళ్లు చూస్తాం. ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం నాడు మాత్ర వేయించాం. ఆ రోజు ఇంట్లో ఉంచేసినవారి లిస్టు నా దగ్గరుంది. ఇక యూనిఫాం మీద మరకలంటారా, శనివారం పాత బట్టలు ఇచ్చి పంపమని మూడుసార్లు డైరీలో రాశాం. డైరీ తెరిచి చూసేవారికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. ఇంటర్వెల్‌లో తినడానికి చిప్స్ ప్యాకెట్టు పెట్టి పంపుతూ మట్టి ఆరోగ్యానికి మంచిది కాదంటే నేనేం చెప్పను?

మిగతావి గబగబా. 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం, పిల్లల నోటుబుక్కులు హాల్లో ఉంటాయి, పది నుంచి ఒంటిగంట వరకు రండి. పదో తరగతి ప్రీ ఫైనల్ టైంటేబుల్ నోటీసుబోర్డులో ఉంది. ఒంటిపూట బడుల ఆర్డరు రాగానే మెసేజ్ పెడతాం, దయచేసి రోజూ అడగకండి. మూడో టర్మ్ ఫీజు కట్టనివారు ఆఫీసులో కలవండి. గేటు ఎనిమిది నలభైకి మూస్తాం, ఎనిమిది నలభై అయిదుకు కాదు.

వచ్చే శనివారం ఎనిమిది నుంచి పదింటి దాకా వెనక గేటు తీసి ఉంటుంది. మీ వాకిట్లో రాలిన ఆకు గోనెసంచిలో తెచ్చి ఇవ్వండి, మా గుంటలో ఇంకా బోలెడు చోటుంది. ప్లాస్టిక్ కవర్లలో తెస్తే కవరు మీకే తిరిగిస్తాం. వంటింటి చెత్త మూటగట్టి రాత్రిపూట గోడ మీంచి లోపలికి విసిరేవారు కూడా, శ్రమ అనుకోకుండా, గేటులోంచే తీసుకురావచ్చు.

నమస్కారాలతో,
మీ ప్రధానోపాధ్యాయురాలు

తాజా కలం: బడి కొమ్మల కత్తెర ఒకటి, ఆకుపచ్చ పిడిది, జనవరి ఆఖరి నుంచి కనబడటం లేదు. ఎవరింట్లో ఉన్నా పంపించండి, ఎందుకు ఉంచుకున్నారని అడగం. తుప్పు పట్టి ఉంటే కొంచెం కొబ్బరినూనె రాసి పంపండి.