ఆ అయిదు పైసల తపాలా బిళ్లని పారేయకండి

సంపాదకుల వారికి,

మొన్న మా తాతయ్య ట్రంకు పెట్టె సర్దుతుంటే 1971 చివర్లో వచ్చిన ఒక కవరు దొరికింది, దాని మీద మామూలు స్టాంపు పక్కనే కుటుంబ నియంత్రణ బొమ్మ ఉన్న అయిదు పైసల బిళ్ల, దాని మీద మళ్లీ 'రెఫ్యూజీ రిలీఫ్' (శరణార్థుల సహాయం) అని నల్లగా అచ్చు! ఇంట్లో వాళ్లు చెత్తలో వేయబోయారు, నేనే ఆపాను.

ఆ ఏడాది తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి దాదాపు కోటి మంది మన దేశానికి వచ్చేశారు. వాళ్లని ఆదుకోవడానికి నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద అయిదు పైసలు అదనంగా పన్ను వేశారు. కొత్త స్టాంపు తయారయ్యేదాకా ఆగే టైమ్ లేదు, అందుకే వాడుకలో ఉన్న దాని మీదే హిందీలో, ఇంగ్లీషులో అచ్చేశారు. నాసిక్‌లోని స్టాంపుల ముద్రణాలయం నుంచి వచ్చిన సరుకు చాలక చాలా ఊళ్లలో స్థానికంగా రబ్బరు ముద్రలు కూడా కొట్టారు, అందుకే అక్షరాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. శరణార్థుల బొమ్మతో అసలు స్టాంపు డిసెంబర్ 1న వచ్చింది. పన్ను మాత్రం 1973 మార్చి 31 దాకా నడిచింది.

పాత ఉత్తరాలుంటే ఒకసారి చూడండి. స్టాంపు మాత్రం కవరు నుంచి ఊడదీయకండి, తేదీ ముద్రతో ఉంటేనే ఏ ఊళ్లో ఎప్పుడు వాడారో తెలుస్తుంది.

– ఒక పాఠకుడు, గుంటూరు