సౌండు చూసినందుకు ఇకపై డబ్బులు తీసుకోను

విజయనగరం గంటస్తంభం దగ్గర మన కంప్యూటర్ రిపేరు షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి రేట్లలో, పద్ధతుల్లో కొన్ని మార్పులు చేస్తున్నాను. మొదటిది ఇదీ: "సౌండు రావట్లేదు" అని తెచ్చిన కంప్యూటరుని చూసినందుకు డబ్బులు తీసుకోను. ఏదైనా పార్టు మారిస్తే దాని ఖరీదు ఇస్తే చాలు. ఎందుకిలా అంటే, చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

2025లో పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ముందు వారం. ఊరంతా హడావుడి, షాపులో నేనొక్కణ్ణే. కంటోన్మెంటు వైపు ఉండే ఒక రిటైరైన మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, కొత్త మానిటరు కొన్నాం. బొమ్మ బాగుంది గానీ సౌండు పోనాది." వెళ్లాను. స్పీకరు పిన్ను సీపీయూ వెనక పచ్చ రంధ్రంలోనే ఉంది, స్పీకరు లైటూ వెలుగుతోంది. ముందు వైపు ఇయర్‌ఫోన్ పెట్టి చూశాను, అదీ మూగే. బోర్డులో సౌండు చిప్పు పోయిందని తేల్చేసి, సంచిలో ఉన్న యూఎస్‌బీ సౌండు కార్డు గుచ్చాను. మోగింది. కార్డుకి 450, వెళ్లినందుకు 300, మొత్తం 750 తీసుకుని వచ్చేశాను. మాస్టారు టీ కూడా ఇచ్చారు.

రెండు వారాల తర్వాత బాలాజీ నగర్‌లో ఇంకో ఇంట్లో అచ్చం ఇదే కథ. ఈసారి సంచిలో కార్డు లేదు కాబట్టి బుర్ర వాడాల్సొచ్చింది. వాళ్లదీ కొత్త మానిటరే, హెచ్‌డీఎంఐ కేబులే. పాత నీలం పిన్ను కేబులు బొమ్మని మాత్రమే మోసేది, ఇది సౌండుని కూడా మోస్తుంది. దాన్ని తగిలించగానే విండోస్ ఒక్కోసారి సౌండంతా మానిటరుకే పంపేస్తుంది, ఆ మానిటరుకేమో స్పీకర్లుండవు. చిప్పు నిక్షేపంలా ఉంది, స్పీకర్లూ బాగున్నాయి. మరి మాస్టారింట్లో కార్డు పెట్టగానే ఎలా మోగింది? కొత్త పరికరం కనబడేసరికి విండోస్ దాని వైపు తిరిగింది, అంతే. జ్వరం దానంతటదే తగ్గితే నా మాత్ర పనిచేసిందనుకున్నాను.

మర్నాడే మాస్టారింటికి వెళ్లి, కార్డు పీకేసి, రెండు నొక్కుల్లో సరిచేసి 750 తిరిగిచ్చాను. "రానూపోనూ పెట్రోలైనా ఉంచుకోరా" అన్నారు. తీసుకోలేదు.

కాబట్టి సీపీయూని ఆటోలో పెట్టే ముందు ఇంట్లోనే చూడండి. కింద కుడి మూల స్పీకరు బొమ్మ నొక్కండి. విండోస్ 10 అయితే సౌండు గీత పైన ఒక పేరుంటుంది, 11 అయితే గీత పక్కన చిన్న గుర్తుంటుంది. అది నొక్కితే సౌండు ఎటు పోవాలో జాబితా వస్తుంది. మానిటరు కంపెనీ పేరు కాకుండా "స్పీకర్స్" లేదా "రియల్‌టెక్" అని ఉన్నది ఎంచుకోండి. అదే జాబితాలో మీ అబ్బాయి బ్లూటూత్ నెక్‌బ్యాండ్ కూడా కనబడొచ్చు. హాల్లో అమ్మ సీరియల్ పెడితే మేడ మీద కొడుకు చెవిలో మోగిన ఇల్లు కూడా నేను చూశాను. యూట్యూబ్ ఒక్కటే మూగగా ఉంటే బ్రౌజర్లో ఆ ట్యాబు మీద కుడి క్లిక్ చేయండి, మ్యూట్ అయి ఉంటుంది. ఇంకా అనుమానముంటే స్పీకరు పిన్ను తీసి మొబైల్‌కి పెట్టి చూడండి. అక్కడా మోగకపోతే తప్పు స్పీకరుదే, సీపీయూ తేవక్కర్లేదు. అప్‌డేట్ తర్వాత పోయిందంటే మాత్రం డ్రైవరు, అంటే సౌండుని నడిపించే ప్రోగ్రాము, గొడవ కావచ్చు. ఒకసారి రీస్టార్ట్ చేసి, అప్పటికీ రాకపోతే ఫోన్ చేయండి.

సంగీతం చెప్పే అమ్మలకు ఒక మాట. 1919లోనే సంగీత కళాశాల పెట్టిన ఊరు మనది, అందుకే ఈ కంప్లైంటు నాకు వస్తూనే ఉంటుంది: జూమ్ క్లాసులో గొంతు వినబడుతోంది గానీ శ్రుతిపెట్టె ఆగి ఆగి పోతోంది, వీణ మీటు మధ్యలో చచ్చిపోతోంది అని. మైకు మార్చమని నేనే ఒకరిద్దరికి చెప్పాను, అదీ తప్పే. ఎడతెగకుండా మోగేదాన్ని జూమ్ ఫ్యాను చప్పుడనుకుని నొక్కేస్తుంది. ఆడియో సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" అని ఉంటుంది, అది ఆన్ చేసి, చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని చెప్పండి. ఖర్చేమీ లేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. కంప్యూటరు వేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోయి, ఏ సైటూ తెరుచుకోకపోతే అది వైరస్ కాదు, బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడగండి, 50 రూపాయల లోపే. ఆన్ చేస్తే బొమ్మ రాకుండా బీప్ బీప్ అంటుంటే చాలావరకు ర్యామ్ (బోర్డులో గుచ్చే మెమరీ పట్టీ) పిన్నుల మీద మురికే. కరెంటు తీసేసి, ర్యామ్ ఊడదీసి, పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టండి. భయమైతే తీసుకురండి.

ఇక విండోస్ 10. సిరిమాను అయిన వారానికి, 2025 అక్టోబరు 14న, మైక్రోసాఫ్ట్ దానికి సపోర్టు ఆపేసింది. "మాది ఆగిపోద్దా బాబూ" అని ఇప్పటికీ అడుగుతున్నారు. ఆగదు. సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, అంతే. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న వాళ్లకి 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. విండోస్ 11 పద్ధతి ప్రకారం ఎక్కాలంటే ఇంటెల్ ప్రాసెసరైతే 8వ జనరేషన్ నుంచి పైన ఉండాలి. కొత్తది అమ్మితే నాకు నాలుగు డబ్బులొస్తాయి, కాదనను. కానీ పాటలు, భజనలు, పిల్లల చదువు వరకే అయితే పాత పెట్టెకి ఒక ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) పెట్టి, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసిస్తాను, వారం వాడి నచ్చితేనే డబ్బులివ్వండి. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో బతికే డీటీపీ సోదరులు మాత్రం దాని జోలికి రావద్దు.

షాపులో పనిచేసే కుర్రాడు విశాఖ వెళ్లిపోయాడు. అందుకని ఇంటికి రావడం మంగళ, శుక్రవారాలు సాయంత్రం మాత్రమే. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి, ఫొటోలు ఎక్కడున్నాయో మీరు చూపించి, పుస్తకంలో సంతకం పెట్టాకే చేస్తాను. ఈ విషయంలో మొహమాటం లేదు.

నెల్లిమర్ల నుంచి వచ్చిన, వినాయకుడి స్టిక్కరున్న నల్ల సీపీయూ గలవారు ఫోన్ ఎత్తండి. మీది రెడీ అయి చాలా రోజులైంది, దాని మీద పిల్లి పడుకుంటోంది.