శుక్రవారం పొద్దు ఎన్నింటికి గుంకుతుంది?

సంపాదకులకు,

మీ పత్రికలో పంచాంగంతో పాటు రోజూ సూర్యోదయం, సూర్యాస్తమయం వేళలు వేస్తారు. రాశిఫలాల జోలికి పోని సెవెంత్‌డే అడ్వెంటిస్టు క్రైస్తవ కుటుంబాలు కూడా శుక్రవారం నాడు ఆ చిన్న గడి తప్పకుండా చూస్తాయి. శుక్రవారం పొద్దు గుంకగానే వాళ్ళకు సబ్బాతు మొదలవుతుంది, శనివారం పొద్దు గుంకేదాకా విశ్రాంతి దినం. వంట, కొనుగోళ్ళు, ఉద్యోగం, పిల్లల బడి చదువు అన్నీ ఆ వేళకు ఆగిపోవాలి. కానీ ఆ గడిలో ఉండేది ఒకే ఊరి వేళ. దానివల్ల వచ్చే చిక్కు బయటివారికి తెలియదు కాబట్టి ఈ ఉత్తరం.

హైదరాబాదులో పొద్దు అన్నిటికన్నా తొందరగా గుంకేది నవంబరు మూడు, నాలుగు వారాల్లో, 5:40 ప్రాంతంలో. డిసెంబరు 21న పగలు చిన్నది గనుక ఆ వారమే అనుకుంటారు చాలామంది. అప్పటికే సూర్యాస్తమయం ఐదారు నిమిషాలు ఆలస్యమై ఉంటుంది. జూలై మొదట్లో దాదాపు 6:55 దాకా పొద్దుంటుంది. ఏడాదిలో గంటంపావు తేడా అన్నమాట. ఊళ్ళ మధ్య తేడా వేరే ఉంది. విజయవాడలో హైదరాబాదు కన్నా సుమారు ఎనిమిది నిమిషాల ముందు, విశాఖలో దాదాపు 20 నిమిషాల ముందు, ఇచ్ఛాపురంలో సుమారు 25 నిమిషాల ముందే చీకటి పడుతుంది. హైదరాబాదు వేళ చూసుకుని విశాఖలో పొయ్యి వెలిగిస్తే, సబ్బాతు వచ్చాక కూడా కూర ఉడుకుతూనే ఉంటుంది. లండన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకైతే డిసెంబరులో 3:50కే పొద్దు పోతుంది. వాళ్ళకు శుక్రవారం సాయంత్రమే లేదు, పని అంతా గురువారం రాత్రికే తెమలాలి.

శుక్రవారాన్ని సిద్ధపాటు దినం అంటారు. బైబిలు నిర్గమకాండంలో, ఆకాశం నుంచి కురిసిన మన్నా అనే ఆహారాన్ని ఆరో రోజున రెండింతలు కూర్చుకోమన్న మాటే దీనికి మూలం. ఆ రెండింతల వంటలోనే పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. శుక్రవారం మధ్యాహ్నం వండింది శనివారం మధ్యాహ్నం దాకా నిలవాలి. కిలో బియ్యం పులిహోరకు 150 గ్రాముల చింతపండు తీసుకుని, పులుసును నూనె పైకి తేలేదాకా మరిగించాలి. అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి, పసుపు, నూనె పట్టించి, పూర్తిగా చల్లారాకే కలపాలి. తొందరలో వేడన్నంలో కలిపి మూత పెడితే ఆవిరి నీరై గిన్నెలోకే దిగుతుంది, మర్నాటికి అన్నం మెత్తబడి వాసన వస్తుంది. నిమ్మకాయ పులిహోర అయితే రసాన్ని పొయ్యి మీద ఉండగా పోయకూడదు, చేదెక్కుతుంది. దద్దోజనానికి కప్పు బియ్యం అన్నాన్ని మెత్తగా మెదిపి, రెండు కప్పుల గోరువెచ్చని పాలు, రెండు చెంచాల పెరుగు చాలు. అంతా పెరుగే వేస్తే తెల్లారేసరికి పులిసిపోతుంది. పప్పు, కొబ్బరి వేసిన కూరలు, కొబ్బరి పచ్చడి ఫ్రిజ్ లేని ఇంట్లో పెట్టుకోకపోవడమే మంచిది. కందిపొడి, గోంగూర పచ్చడి నిలుస్తాయి.

ఈ సంఘంలో శాకాహారులు చాలామంది. మాంసం తినేవాళ్ళు బైబిలు లేవీయకాండంలోని నియమం పాటిస్తారు. రెక్కలు, పొలుసులు ఉన్న చేపలే తింటారు. కాబట్టి గోదావరి జిల్లాల్లో ఉన్నా రొయ్యలు, పీతలు, వాలుగ, జెల్ల వాళ్ళ ఇంటికి రావు. కొరమేను పులుసు శుక్రవారం పెట్టుకుంటే మర్నాటికే రుచి, అది సబ్బాతుకు సరిగ్గా అమరిన కూర.

వండినది వేడి చేసుకోవచ్చా అన్న వాదన కొన్ని ఇళ్ళలో ఇంకా నడుస్తోంది. వంట ముందురోజే ముగించమన్నారు గాని చద్దన్నమే తినమని సంఘం ఎక్కడా చెప్పలేదు. ముసలివాళ్ళకు, పసిపిల్లలకు వేడిచేసి పెట్టడం తప్పనే పట్టుదల నాకు అర్థం కాదు. అసలు భయపడాల్సింది మరొకటి ఉంది. రాత్రంతా వెచ్చని గిన్నెలో మూతపెట్టి ఉంచిన అన్నంలో పుట్టే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వండిన గంట, రెండు గంటల్లో పలచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. శనివారం ఆరాధన తర్వాత సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు వందమందికి వండే చోట ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పెద్ద డేగిసాలో పప్పు పైకి చల్లారినట్టే ఉంటుంది, నడుమ అర్ధరాత్రి దాకా వేడిగానే ఉంటుంది. నాలుగైదు వెడల్పు గిన్నెల్లోకి దించి, మూత ఓరగా పెట్టాలి. ఇంకా మేలు, పప్పు మానేసి పులిహోర, వేపుడు, పెరుగన్నంతో సరిపెట్టడం.

వంట కాక ఉండే పనులను లెక్కలోకి తీసుకోరు. మర్నాటికి పాల ప్యాకెట్లు, పెద్దవాళ్ళ మందులు, బండిలో పెట్రోలు, ట్యాంకులో నీళ్ళు, సిలిండరులో ఎంత గ్యాసు మిగిలిందో, ఇస్త్రీ బట్టలు, కానుక కవర్లో చిల్లర. ఇవన్నీ శుక్రవారం నాలుగింటికి గుర్తొస్తే ఎవరు చేస్తారు? చాలా ఇళ్ళలో ఒక్క ఇల్లాలే. ఉద్యోగం నుంచి ఐదింటికి వచ్చి, నవంబరులో నలభై నిమిషాల్లో ఇదంతా ముగించి, శనివారం సబ్బాతు బడిలో, అంటే బైబిలు పాఠాల తరగతిలో, కునుకు తీస్తుంది. పది ఆజ్ఞల్లోని సబ్బాతు ఆజ్ఞలో కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి అందరినీ పేరుపెట్టి చెప్పారు, భార్య మాట మాత్రం లేదు. ఆమెను వదిలేశారని దాని అర్థం కాదు, 'నీవు' అన్న మొదటి మాటలోనే ఆమె కూడా ఉంది. పశువుకు ఇచ్చిన విశ్రాంతి ఆమెకు దక్కకపోతే ఆ ఇంట్లో సబ్బాతు సగమే.

పని పంచుకోవడం కష్టమేమీ కాదు. ఇస్త్రీ, బూట్లు, సరుకులు, మందులు బుధ, గురువారాల్లో మగవాళ్ళు, పెద్దపిల్లలు చేసేయాలి. శుక్రవారానికి వంట, స్నానాలు మాత్రమే మిగలాలి. పొద్దు గుంకడానికి గంట ముందే పొయ్యి ఆర్పేయాలని ముందే అనుకోవాలి. ఏదైనా ఆలస్యమైతే ఆ గంట ఆదుకుంటుంది. ఆఫీసులో నవంబరు నుంచి జనవరి దాకా శుక్రవారాలు తొందరగా వెళ్ళి, బదులు ఆదివారం పనిచేస్తామని అక్టోబరులోనే రాసివ్వాలి. ఆ రోజు మధ్యాహ్నం అడిగితే ఏ అధికారికైనా చిరాకే. శనివారం పరీక్ష పడే విద్యార్థులు కూడా అంతే, కాలపట్టిక వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టాలి.

మిమ్మల్ని కోరేది చిన్న విషయం. రంజాన్ నెలలో ఇఫ్తార్, సహర్ వేళలు ఊరివారీగా వేస్తారు, అది ఎందరికో ఉపయోగం. అలాగే శుక్రవారం సంచికలో, పంచాంగం గడికి వెలుపల, హైదరాబాదుతో పాటు వరంగల్, విజయవాడ, తిరుపతి, విశాఖ, శ్రీకాకుళం సూర్యాస్తమయ వేళలు వేయండి. ఒక్క వరుస చాలు. వీలైతే శనివారం వేళ కూడా పక్కనే ఉంచండి, విశ్రాంతి ముగిసేది ఆ వేళకే.

ఇట్లు,
ఒక సబ్బాతు బడి ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం