డెన్వర్ నుంచి అమ్మకు

నవంబరు 16

అమ్మా,

మొన్న నువ్వు ఫోన్లో ఏడ్చాక ఆ రోజంతా నాకు దేని మీదా మనసు నిలవలేదు. నేను జారి పడ్డ మాట నిజమే. చెల్లి నీకు చెప్పేసిందని దాన్నేమీ అనకు, దాచమన్నది నేనే. మోచెయ్యి కమిలింది అంతే, ఇప్పుడు నొప్పి కూడా లేదు. ఇక్కడి రాకీ కొండల్లో బేర్ లేక్ అనే చెరువు దారిలో జనం తొక్కి తొక్కి మంచు గాజులా గట్టిపడిపోతుంది, ఆ రోజు బూట్లకి తగిలించుకునే ఇనప ముళ్ళ పట్టీలు కార్లోనే వదిలేశాను. ఇక వదలను, నీ మీద ఒట్టు.

ఆఫీసు మామూలే.

తెల్లవారుజామున నాలుగింటికి ఒక్కదానివే కొండల్లోకి ఎందుకే అన్నావు. శని, ఆదివారాలు ఈ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేనమ్మా, అందుకు. స్ప్రేగ్ లేక్ ఒడ్డున ఆ చీకట్లో నాలాగే ట్రైపాడ్‌లు పెట్టుకుని ఐదారుగురు ఉంటారు, ఎవరో ఒకరు ఫ్లాస్కులోంచి కాఫీ పోసిస్తారు. సూర్యుడు రాకముందే ఎదురుగా హాలెట్ పీక్ కొస ఎర్రబడుతుంది, ఆ ఎరుపు మెల్లగా కిందికి దిగి నీళ్ళలో పడుతుంది. పది నిమిషాలు కూడా ఉండదు. ఆ పది నిమిషాలూ నాకు ఏ దిగులూ గుర్తు రాదు.

సెప్టెంబరు చివర్లో నీకు పంపిన ఫోటోల్లో పసుపుపచ్చటి చెట్లు ఆస్పెన్‌లు. ఆకులు మన రావాకుల్లాగే, ఏ కాస్త గాలి తగిలినా గలగలలాడతాయి. అరటి పిలకల్లా ఒకే వేరు నుంచి గుంపు గుంపంతా లేస్తుందట, అందుకే ఒక గుంపు మొత్తం ఒక్కసారే రంగు తిరుగుతుంది, పక్క గుంపు ఇంకా ఆకుపచ్చగానే ఉంటుంది. రెండు మూడు వారాల్లో అంతా రాలిపోయింది. 12,183 అడుగుల ఎత్తుకి వెళ్ళే ట్రైల్ రిడ్జ్ రోడ్డు కూడా మంచుకి మూసేశారు, ఇక మే చివరికి గానీ తెరవరు. కాబట్టి అంత పైకి వెళ్తానేమోనన్న భయం నీకొద్దు.

నాన్నకి చెప్పు, మంచుని కెమెరా లెక్కకి వదిలేస్తే బూడిద రంగులో వస్తోంది, ఒక స్టాప్ పైన, అంటే రెట్టింపుకి మించి, వెలుతురు పెంచితేనే తెల్లగా పడుతోంది. చలికి బ్యాటరీ గంటలో అయిపోతుంది, రెండోది స్వెట్టర్ లోపల ఒంటికి ఆనించి పెట్టుకుంటున్నా. ఇంటికొచ్చాక కెమెరాని వెంటనే బయటికి తీయను, కవర్లోనే ఉంచుతాను, లేకపోతే లెన్స్ అంతా చెమ్మే. తన యాషికా కెమెరాతో ఆయన నేర్పిన జాగ్రత్తలేవీ మర్చిపోలేదు.

ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. నువ్వు రాత్రి తొమ్మిదింటికి చేస్తే నాకు ఉదయం ఎనిమిదిన్నర, శనివారమైతే ఇంకా కొండ మీదే ఉంటాను, సిగ్నల్ ఉండదు. ఫోన్ కలవకపోతే టెన్షన్ పడకు, కిందికి దిగగానే నేనే చేస్తా.

కార్తీక దీపాలకి దుర్గా ఘాట్‌కి వెళ్ళారా? నాన్న మోకాలు చూపించారా, డాక్టరు ఏమన్నాడో నువ్వు నాకు ఇంతవరకు చెప్పలేదు. నాకు ఒక్క ఫోటో కావాలి, పొద్దున్నే మంచు పట్టినప్పుడు మన డాబా మీంచి ఇంద్రకీలాద్రి. నాన్నని మెట్లెక్కనివ్వకు, చెల్లి తీస్తుంది. పిట్టగోడ దాకా వెళ్ళొద్దని చెప్పు.

నీ
పెద్దమ్మాయి