మన కాలనీ సంఘం ప్రకృతి బృందం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. మొక్కలు నాటడం, ఇంకుడు గుంతల పూడిక తీయించడం ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈ ఏడాది ఎక్కువ వాదన నడిచింది మాత్రం పార్కులోని ఎండు వేప మోడు మీదే.

వానాకాలంలో దానికి చెక్కలాంటి గట్టి పుట్టగొడుగులు పట్టాయి. విరిచి చూస్తే లోపలంతా తూట్లు, పొడి, రెండు మిల్లీమీటర్లయినా లేని గోధుమరంగు పెంకు పురుగులు. పక్క చెట్లకు పాకుతాయి, మందు కొట్టించండని కొందరు పట్టుబట్టారు. కొట్టించలేదు. ఎందుకో చెప్పాలి.

అవి సియిడే కుటుంబానివి. పిల్ల పురుగులూ పెద్దవీ తినేది ఆ పుట్టగొడుగునే, పెరిగేదీ అందులోనే. పచ్చని చెట్టు బెరడుతో వాటికి పని లేదు. చాలా జాతుల్లో మగవాటికి తల మీదో, మెడ వెనకి పెంకు మీదో చిన్న కొమ్ములుంటాయి. భూతద్దంలో వాటిని చూశాక పిల్లలు మోడు దగ్గర నుంచి కదల్లేదు.

వీటిని చెట్టు తొలిచే పురుగులనుకుని పొరబడింది మనమొక్కరమే కాదు. గుండ్రటి, పొడవాటి ఒళ్లు చూసి పాతకాలం శాస్త్రజ్ఞులు కూడా వీటిని కలప తొలిచే బోస్ట్రికిడే పక్కన కూర్చోబెట్టారు. తర్వాత టెనెబ్రియోనాయిడియా అనే పెద్ద సమూహంలోకి మార్చారు. మన డబ్బాల్లో చేరే పిండి పురుగుదీ అదే సమూహం. అయితే పిండి పురుగుకు ముందు రెండు జతల పాదాల్లో ఐదేసి, వెనక జతలో నాలుగేసి కణుపులుంటాయి. వీటికి అన్ని కాళ్లకూ నాలుగే. ఉత్తర అమెరికాలోని సియిడే జాతులను కీటక శాస్త్రజ్ఞుడు జాన్ లారెన్స్ 1971లో సమగ్రంగా సమీక్షించారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 జాతులు, రెండు ఉపకుటుంబాలు. అందులో ఒకదానిలో ఉన్నది ఒకే ఒక్క జాతి, అమెరికా పడమటి వైపుది. మిగతావన్నీ సియినే ఉపకుటుంబంలోనే. పంపకం మరీ ఇంత ఏకపక్షమా అనిపిస్తుంది గానీ, బంధుత్వం ఎటుంటే పేరూ అటే.

మన మోడు మీదివాటికి కుటుంబం పేరు వరకే రాసుకున్నాం. ఫోటో చూసి జాతి పేరు తగిలించడం మాకు నచ్చలేదు.

కేబీఆర్ పార్కుకూ వెళ్లాం. అది జాతీయ ఉద్యానవనం కనుక అటవీశాఖ అనుమతి లేకుండా పుట్టగొడుగు ముక్క కూడా తుంచకూడదు. చూసి, ఫోటోలు తీసుకుని వచ్చేశాం.

మోడులో విరిగిపడేలా ఉన్న కొమ్మలు కొట్టించి, చుట్టూ కంచె వేయించాం. దాన్ని అలాగే ఉంచాలన్న తీర్మానాన్ని సభ ముందు పెడుతున్నాం. సంఘం భూతద్దాలు ఇళ్లలో ఉంచుకున్నవారు దయచేసి ఆఫీసులో అప్పగించగలరు.